ఎండ తినేసిన రంగు

కిందటి వారం మనం, సినిమాకు దుస్తులు డిజైన్ చేసే కత్తెరను షూటింగ్ జరుగుతున్న ఇంటి వరండాలో, మానిటర్ ముందు వదిలేసి వచ్చాం. కథానాయిక నేరేడు రంగు కోటు తొడుక్కుని గది తలుపు తీసింది. అదే తలుపు దాటి వీధిలో అడుగు పెట్టేసరికి కోటు వంకాయ రంగయి కూర్చుంది. గదిలోని దృశ్యం ఎండలు ముదరకముందు తీసింది, వీధిలోది మొన్న తీసింది. ఆ మధ్యలో మొదటి కోటు సామాన్ల పెట్టెలో తడిసి బూజుపట్టిపోతే, అచ్చం అలాంటిదే ఇంకొకటి కత్తెర తయారు చేయించింది. "లోపల నేరేడు, బయట వంకాయ. ఇది సినిమానా, సంతా?" అని దర్శకుడు అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఆ కోటుకు రంగు వేసిన కత్తెర బాబాయి. ఆయన ఎదుటే, అంతమందిలోనూ, "మా బాబాయికి చూపు మందగించినట్టుంది సర్, రంగు తప్పు కలిపాడు" అనేసింది కత్తెర. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఈ వారం రోజులూ మీలో కొందరు ఆమెను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోవలసిందే. అమ్మా నాన్నా పోయాక అక్కనూ తననూ పెంచింది ఆ బాబాయే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా. కాకపోతే ఆ మాట అన్నప్పుడు ఆమె నిజమనుకునే అంది. అది కూడా మనసులో పెట్టుకుని తిట్టండి.

ఆమెకు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని అందరూ మరిచిపోయారు. ఎవరింటికి వెళ్లినా ఆమెను చూడగానే ముందు పత్రికలు దాచేసేవాళ్లు. నచ్చిన బొమ్మ కనిపిస్తే చాలు, సంచిలోంచి కత్తెర బయటికి వచ్చేది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల చేతిలోని పుస్తకం అట్టను కూడా అడిగి కత్తిరించుకుందని అక్క ఇప్పటికీ చెబుతుంది. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

అలా పోగైనదంతా అక్క కుట్టుపని చేసే ముందుగది వెనక, ఇంకో గదిలో ఒక గోడ నిండా ఉంది. పాత సినిమా పత్రికల్లోని బొమ్మలు, బఠాణీలు ఒలుస్తున్న ముసలమ్మ వర్ణచిత్రం, అంచు అరిగిన చొక్కా చేతిపట్టీ, విరిగిన గొడుగు గుడ్డ, ఒక నర్సు చేతొడుగులు ఊడదీసుకోవడం గురించి ఏదో నవలలో ఉన్న సగం పేజీ, రంగురంగుల గుండీలు. దొరికిందల్లా తగిలించే గోడ కాదది. ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఏదీ గోడ ఎక్కదు. కొత్తది ఒకటి ఎక్కితే పాతది ఒకటి దిగాలి. ఎక్కింది ఏదీ గది గడప దాటకూడదు. ఈ నియమాలు ఆమెవే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం. ఆ గోడను చూసే మనసులో ఒక్కొక్క పాత్రనూ నిలబెట్టి, ఆ మనిషి ఏం తొడుక్కుంటుందో తేల్చేది. అలా తేల్చిన బట్టలతోనే సొంతంగా మొదటి సినిమా సంపాదించింది.

ఇవాళ మధ్యాహ్నం దర్శకుడు ఆ గోడ చూడడానికే వస్తానన్నాడు. మిగతా సినిమాకు రంగులన్నీ అక్కడే నిలబడి తేల్చేద్దామని, కొత్త రంగులవాణ్ని కూడా మాట్లాడానని కబురు పెట్టాడు. అందుకని ఉదయం కాఫీ అయీ అవకముందే కత్తెర గోడ ముందు స్టూలెక్కింది.

ముందుగా కోటు పిల్ల బొమ్మను గోడ మధ్యకు జరపాలనుకుంది. ఎప్పటిదో ఒక పాత సినిమా స్టిల్లు అది. గుంపులో వెనకెక్కడో నిలబడ్డ, పేరైనా తెలియని పిల్ల, తన కొలతకు మించిన కోటు తొడుక్కుని చేతి అంచును పిడికిట్లో పట్టుకుని ఉంటుంది. ఈ సినిమాలోని కథానాయిక ఇలాగే ఉంటుందని ఆ పిడికిలిని చూశాకే ఆమెకు తోచింది. మొదటి కోటు కుట్టించినప్పుడే దాని గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, మైదా జిగురుతో గోడకు కొట్టిన అట్టకు అంటించి, ఆ ముక్క పైసగం మీదికి వచ్చేలా ఈ బొమ్మను అంటించింది. చూసేవాళ్లకు పిల్ల కోటు కిందికి జారి గుడ్డలో కలిసినట్టుంటుంది. ఆ కలయిక ఆమెకు ఎంత ఇష్టమో చెప్పలేను.

జిగురు గట్టిపడింది. బ్లేడుతో అంచు లేపి, నెమ్మదిగా బొమ్మను ఒలిచింది.

కింద నేరేడు రంగు ఉంది. అచ్చమైన నేరేడు, నోట్లో వేసుకుంటే నాలుక రంగు మారిపోయేంత చిక్కనిది. బొమ్మ అంచు ఎక్కడి దాకా ఉందో అక్కడి దాకా ఆ రంగు. ఆ గీత దాటితే వంకాయ.

స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఎదురుగా కిటికీ. మధ్యలో కథానాయిక కాలు విరిగి షూటింగ్ ఆగిపోయిన ఎండాకాలమంతా మధ్యాహ్నపు ఎండ ఈ గోడ మీదే పడింది. పడుతోందని ఆమెకు తెలుసు. ఎండలో గోడ ఎంత బాగుందో అని ముచ్చటపడింది కూడా.

రెండో కోటుకు రంగు కలపడానికి బాబాయి ఈ గదికే వచ్చాడు, గోడ మీది ముక్క గడప దాటకూడదు కదా. ముంచి ఆరబెట్టిన నమూనాలు తెచ్చి ఆ ముక్క పక్కన పట్టుకునేవాడు. ఆమె తల అడ్డంగా ఊపితే తీసుకెళ్లి మళ్లీ కలిపేవాడు. "ఆ బొమ్మ కాస్త పైకెత్తవే, ముక్క మొత్తం చూద్దాం" అని ఒకసారి అడిగాడు. "బొమ్మ మీద చెయ్యి వెయ్యకు బాబాయ్, చిరిగిపోతుంది" అంది. షూటింగులో తీసిన పాత దృశ్యాన్ని కంప్యూటర్లో చూసుకుంటే సరిపోయేది. కానీ తెర మీద రంగును నమ్మకు, చేతిలో గుడ్డనే నమ్ము అని ఆమెకు నేర్పింది బాబాయే. ఆమె గుడ్డనే నమ్మింది. ఎండ తినేసిన సగాన్ని నమ్మింది.

సిగ్గుతో ఆమె ముఖం భగ్గుమంది. ఎవరూ చూడకపోయినా రెండు చేతులతో కప్పుకుంది.

"ఏమే, గోడకు దణ్ణం పెడుతున్నావా?" అంటూ అక్క లోపలికి వచ్చింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు.

కత్తెర వేలు పెట్టి చూపించింది. అక్క గుడ్డల మనిషి, ఒకరు చెప్పనక్కర్లేదు. సూదులు ఒక్కొక్కటీ తీసి పైటకు గుచ్చుకుంది. 

"బొమ్మ ఇలా ఇవ్వు" అంది చివరికి. "మళ్లీ అంటించేస్తాను."

"అక్కా."

"అక్కా లేదు, చుక్కా లేదు. ఇది నీ మొదటి సినిమా. బాబాయికి కోపమొస్తే నాలుగు రోజులు అలుగుతాడు, పిన్ని వెళ్లి బతిమాలితే దిగుతాడు. ఆ దర్శకుడు నీకు బాబాయి కాదు. తప్పు నాదని చెప్పావంటే నిన్ను బతిమాలేవాళ్లెవరూ ఉండరు."

"బాబాయి అలిగి కూర్చోలేదు. పని మానేశాడు. పొద్దున పాలు తెచ్చినావిడ చెప్పింది."

అక్క చెయ్యి చాచి అలాగే ఉండిపోయింది. కత్తెర బొమ్మను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటపడింది. ఏం చెప్పాలో దారిలో కూడబలుక్కోలేదు. తప్పు నాది బాబాయ్ అంటే చాలు, మిగతాది అదే వస్తుందనుకుంది.

బాబాయి బట్టలకు రంగులు వేసే పెరట్లో అడుగు పెట్టింది. గంగాళాలన్నీ తోమి వరసగా గోడవారన బోర్లించి ఉన్నాయి. ఎప్పుడు చూసినా తడి గుడ్డలతో నిండి ఉండే తీగలు ఖాళీగా ఊగుతున్నాయి. పొయ్యిలో బూడిద కూడా ఎత్తేశారు. పిన్ని మెట్టు మీద కూర్చుని ఉంది.

"రా తల్లీ. మీ బాబాయి సన్యాసం పుచ్చుకున్నాడు" అంది. "పొద్దుటి నుంచీ వీధిలో పోయేవాళ్లందర్నీ ఆపి, ఇదేం రంగు, అదేం రంగు అని అడుగుతున్నాడు. పిచ్చెక్కిందని జనం అటు వీధినుంచి తిరిగి వెళ్తున్నారు."

బాబాయి కొట్టంలో నేల మీద కూర్చుని రంగుపొడుల డబ్బాలకు మూతలు బిగిస్తున్నాడు. ఆమెను చూసి కూడా బిగిస్తూనే ఉన్నాడు.

"బాబాయ్, తప్పు నాది. గోడ మీది ముక్క ఎండకు వెలిసిపోయింది. నువ్వు దానికి సరిగ్గానే కలిపావు. బొమ్మ కింద దాగిన సగం మాత్రం అసలు రంగులోనే ఉంది. ఇప్పుడే చూశాను."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

"బాగుంది. ఎవరు అల్లి ఇచ్చారు ఈ కథ? మీ అక్కా?"

"కథ కాదు బాబాయ్."

"చిన్నప్పుడు నేను చెయ్యి బొబ్బలెక్కి ఏడిస్తే మా అమ్మ ఇలాగే చెప్పేది. నీ తప్పు కాదురా, పొయ్యిదే తప్పు అని." మూత బిగించి డబ్బా పక్కన పెట్టాడు. "నీకు నా మీద జాలి వేసింది. సంతోషం. కానీ అంతమందిలో నువ్వన్న మాట నేను ఊరికే వినలేదే. నిన్ను ఎత్తుకుని ఈ తీగల కింద తిప్పుతూ ప్రతి రంగుకూ పేరు చెప్పాను. ఈ ఇంట్లో కన్ను అంటే నీ కన్నే. ఆ కన్ను, నాకు చూపు మందగించిందని చెప్పింది. నేను నమ్మాను."

"ఆ కన్నే ఇప్పుడు తప్పు నాదంటోంది. ఇప్పుడెందుకు నమ్మవు?"

"మొన్న కోపంలో అన్నావు. కోపంలో నిజం వస్తుంది. ఇవాళ ప్రేమతో అంటున్నావు."

 

"గోడ దగ్గరికి రా. నీ కళ్లతో నువ్వే చూడు" అంది.

"నీ గది గడప తొక్కను."

"అయితే గోడనే ఇక్కడికి తెస్తాను."

బాబాయి చెయ్యి మొదటిసారి ఆగింది. గోడ మీదిది గడప దాటకూడదన్న నియమం ఆయనకూ తెలుసు. అయినా ఇంకో డబ్బా అందుకున్నాడు. పెరట్లోకి రాగానే పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ డబ్బాలు సాయంత్రం ఎవరో వచ్చి పట్టుకెళ్తారట. ఏం చేస్తావో ఈలోగా చెయ్యి" అంది.

ఇంటికి వచ్చేసరికి దర్శకుడు గోడ ముందు నిలబడి ఉన్నాడు. చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. అక్క ఇచ్చిన కాఫీ కప్పు చేతిలోనే చల్లారిపోయింది. కోటు పిల్ల బొమ్మ గోడ మీద తన పాత చోటనే ఉంది. అంచుల్లో జిగురింకా తడిగా మెరుస్తోంది. కత్తెర అక్క వైపు చూసింది. అక్క కిటికీ వైపు చూసింది.

"ఇన్నాళ్లూ దీన్ని నాకెందుకు చూపించలేదమ్మా?" అన్నాడు దర్శకుడు. గొంతులో మొన్నటి వెటకారం లేదు. "ఆ బఠాణీల ముసలమ్మ పక్కన అరిగిన చేతిపట్టీ ఎందుకు పెట్టారు?"

"ఆమే, ఆ చొక్కా తొడిగిన మనిషీ, ఇద్దరూ చేతుల్నే చూసుకుంటూ బతికినవాళ్లు సర్. ముఖం చూసుకునే తీరిక లేనివాళ్లు."

 "నా తర్వాతి సినిమా కూడా మీరే చెయ్యండి" అన్నాడు. "ఈ గోడ నాకు కావాలి. ఆ కోటు సంగతి మరిచిపోండి. నిర్మాతగారికి రంగులవాడి పొరపాటని చెప్పేశాను, ఆయన సరేనన్నాడు. కొత్త మనిషి రేపు వస్తాడు."

అక్క ఎన్నో ఏళ్లు ఆ ముందుగదిలో మిషను తొక్కి చెల్లెల్ని ఇక్కడిదాకా తెచ్చింది ఈ మాట కోసమే. కత్తెరకు ఆ సంగతి తెలుసు. తెలిసే స్టూలెక్కింది.

"ఒక్క నిమిషం సర్. మీరు చూడాల్సింది ఇంకొకటుంది."

"వద్దే" అంది అక్క మెల్లగా.

జిగురు ఇంకా ఆరలేదు కాబట్టి బొమ్మ తేలిగ్గానే ఊడింది. దర్శకుడు కప్పు బల్ల మీద పెట్టి దగ్గరికి వచ్చాడు. ఆ గీత కనిపించడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"ఎండ" అంది కత్తెర. "ఈ కింది సగానికి సరిపోయేలా రంగు కలపమని మా బాబాయికి నేనే చెప్పాను. బొమ్మ ఎత్తి చూపించమంటే ఎత్తలేదు. తప్పు నాది. ఆయన చూపుకు ఏమీ కాలేదు."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మన ముగ్గురికి. బాబాయికి చెప్పాను, ఆయన నమ్మలేదు."

"అయితే మంచిదే కదా." ఆయన బొమ్మను ఆమె చేతిలోంచి తీసుకుని, తన చేత్తోనే ముక్క మీద ఆనించి పట్టుకున్నాడు. నేరేడు మళ్లీ మాయమైంది. "చూడమ్మా, నేను చెడ్డవాణ్ని కాదు, సినిమావాణ్ని. నిర్మాతగారు మొదటి నుంచీ వేరే డిజైనర్ని పెట్టమంటున్నారు. నా మాట మీద మిమ్మల్ని పెట్టుకున్నాం. డిజైనర్ పొరపాటని ఇవాళ చెబితే రేపటికి మీరుండరు, నేను అడ్డుపడలేను. రంగులాయనకు ఈ సినిమా కాకపోతే ఇంకో గిరాకీ దొరుకుతుంది."

"దొరకదు సర్. ఆయన గంగాళాలు బోర్లించేశాడు. నేనన్న మాట నమ్మి, తన కళ్లు పోయాయనుకుంటున్నాడు. ఎవరికో సామాన్లు కూడా ఇచ్చేస్తున్నాడు. ఈ ముక్క చూపించకపోతే జన్మలో మళ్లీ రంగు ముట్టుకోడు."

"ఆయన్ని ఒంటరిగా పిలిచి చూపించండి. నేను వద్దనను."

"అంతమందిలో అన్నాను. అంతమందిలోనే చెప్పాలి. ఆ వరండాలో, మానిటర్ ముందు, లైట్లు మోసేవాళ్లతో సహా అందరూ ఉన్నప్పుడు చెబుతాను. నిర్మాతగారికి మీరు చెప్పక్కర్లేదు, నేనే చెప్పుకుంటాను."

"సినిమా పోతుంది."

"పోతే ఏడుస్తాను సర్. చాలా ఏడుస్తాను." ఆమె ఆయన చేతి కింది ముక్కను చూపించింది. "కానీ రేపు ఏ పాత్ర కోసమైనా ఈ గోడ ముందు నిలబడితే నాకు ఈ ముక్కే కనిపిస్తుంది. దీన్ని కప్పిపెట్టి నేను ఇంకేం చూడగలను? మీకు ఈ గోడ కావాలన్నారు. కప్పిపెట్టిన గోడతో మీకేం పని?"

దర్శకుడు బొమ్మ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దించాడు. అక్క కళ్లు తుడుచుకుంటోంది. అది కోపమో మరోటో చెప్పడం కష్టం. తర్వాత అక్కే వెళ్లి బల్ల మీది పెద్ద కత్తెర తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"కొయ్యి. అంచు చిరక్కుండా అట్టతో సహా కొయ్యి" అంది.

కత్తెర గోడ మీది అట్టలో ఆ ముక్క చుట్టూ కోయడం మొదలుపెట్టింది. ఆ గోడ మీద ఎప్పుడూ ఎక్కించడానికే తప్ప కోయడానికి కత్తెర పట్టింది లేదు. మూడు వైపులా కోసింది. నాలుగో వైపు కోయబోతుండగా ముందుగదిలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. ఆమె వెనక, గడప అవతలే ఆగిపోయి, బాబాయి.

"ఈవిడ బలవంతంగా లాక్కొచ్చింది" అన్నాడు ఎవరినీ చూడకుండా. దర్శకుణ్ని చూసి తువ్వాలు సర్దుకున్నాడు. "మా అమ్మాయి గోడను కోసి తెస్తానంది. అంత పని చేస్తుందా అని వచ్చాను."

"చేస్తోంది" అంది అక్క.

బాబాయి గడప దాటాడు. గోడ వైపు, వేలాడుతున్న అట్ట వైపు చూశాడు. ముఖంలో బిగువు సడలింది. నమ్మాడు. తన కోసం గోడను కోసిన పిల్ల అబద్ధం చెప్పదని ఆయనకు అప్పటికి నమ్మకం కుదిరింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. పెరట్లో మూతలు బిగించిన మనిషీ ఈయనా ఒకరేనా అనిపించింది.

"అంటే నాకేమీ కాలేదన్నమాట" అన్నాడు దర్శకుడితో. "విన్నారా సార్? నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి."

"రా బాబాయ్, చూడు" అని కత్తెర స్టూలు దిగి పక్కకు తప్పుకుంది. ముక్క మీద మంచి వెలుతురు పడుతోంది. గదికి ఆ మూలనున్న పిన్నికి సైతం పై సగం, కింది సగం విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఆయన ముక్క మీదికి వంగాడు. ఒక కన్ను మూసి చూశాడు. ఆ కన్ను తెరిచి రెండోది మూసి చూశాడు. అట్టను కిటికీ వైపు తిప్పి, పై నుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి వేలితో తడిమాడు. ఆ వేలు గీతను దాటింది, ఆగలేదు. మళ్లీ దాటింది.

ఇంకా నవ్వుతూనే కత్తెర వైపు తిరిగాడు.

"ఏదే, ఆ రెండో రంగు ఎక్కడుంది?"